స్టాక్స్ రికార్డ్స్: అక్క ఇల్లు తాకట్టు పెడితే మొదలైన కంపెనీ (మెంఫిస్ వెళ్లినవాళ్లు, పాత సోల్ పాటలు వినేవాళ్లు రండి)

రేవతి_మెంఫిస్
శనివారం, రాత్రి 10:12

మేం అమెరికాలోని మెంఫిస్ వచ్చి ఆరేళ్లవుతోంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఎల్విస్ ఇంటికి తీసుకెళ్లడం, బీల్ స్ట్రీట్‌లో ఒక రౌండు కొట్టి మిసిసిపీ ఒడ్డున ఫొటోలు దిగి ఇంటికొచ్చేయడం, ఇదే మా టూరు. ఊరికి దక్షిణాన మెక్‌లెమోర్ అవెన్యూ అని ఒక వీధి ఉందని, అక్కడ ఒక పాత సినిమా హాల్లో అక్కాతమ్ముళ్లు కలిసి నడిపిన రికార్డు కంపెనీ ఉండేదని నాకు పోయిన వారం దాకా తెలియదు. మా అమ్మాయికి స్కూల్ ప్రాజెక్టు ఉందని స్టాక్స్ మ్యూజియానికి వెళ్లాం. గంటలో వచ్చేద్దాం అనుకున్నవాళ్లం మూసేదాకా అక్కడే ఉన్నాం.

తమ్ముడు జిమ్ స్టూవర్ట్. పగలు బ్యాంకులో గుమాస్తా, సాయంత్రాలు ఫిడేలు వాయించేవాడు. 1957లో శాటిలైట్ రికార్డ్స్ అని పేరు పెట్టి, తన భార్య తరఫు బంధువు ఇంటి గ్యారేజీలో రికార్డింగ్ మొదలుపెట్టాడు. అక్క ఎస్టెల్ ఆక్స్టన్, అతని కంటే పన్నెండేళ్లు పెద్ద, అంతకుముందు టీచరు, అప్పటికి ఆమె కూడా బ్యాంకు ఉద్యోగే, ఇద్దరు పిల్లల తల్లి. మంచి రికార్డింగ్ మెషీను లేకపోతే పని జరగదని తమ్ముడు వచ్చి అడిగితే, 1958లో భర్తని ఒప్పించి, ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చి ఇచ్చింది. ఆ డబ్బుతో యాంపెక్స్ మెషీను కొన్నారు.

1960లో ఆ క్యాపిటల్ థియేటర్ని అద్దెకి తీసుకున్నారు. కుర్చీలన్నీ పీకేశారు కానీ వాలుగా ఉన్న నేలని చదును చేయించలేదు, అంత డబ్బు లేదు. తెర ఉండే స్టేజీ మీద కంట్రోల్ రూము. మ్యూజియంలో ఆ స్టూడియోని అదే వాలుతో మళ్లీ కట్టారు. లోపలికి వెళ్తుంటే మన ఊళ్లలో నేల టికెట్టు హాల్లో ముందు వరసలకి దిగుతున్నట్టు అరికాళ్లకి తెలుస్తుంది. చిన్నప్పుడు తెనాలిలో సినిమా మధ్యలో సోడాసీసా చేజారితే అది దొర్లుకుంటూ తెర దగ్గరికి వెళ్లిపోయేది, ఆ నేలే ఇది అనిపించింది.

ఈ కంపెనీ గురించి ఇంకా తెలిసినవాళ్లు రాయండి, మా అమ్మాయికీ ఉపయోగం, నాకూ వినాలని ఉంది.

పాతప్లేట్లు
శనివారం, రాత్రి 11:03

రేవతి గారూ, మంచి విషయం ఎత్తారు. గ్యారేజీకీ సినిమా హాలుకీ మధ్య ఇంకొక మజిలీ ఉంది. మెంఫిస్ బయట బ్రన్స్‌విక్ అనే పల్లెలో పాత కొట్టు ఒకటి తీసుకుని అందులో కొన్నాళ్లు నడిపారు. పక్కనే రైలు పట్టాలు, రైలు వచ్చినప్పుడల్లా పాట ఆపాల్సిందే. అక్కడి నుంచి ఊళ్లోకి తిరిగొచ్చి సినిమా హాలు పట్టారు. హాలు వెతికి చూపించింది చిప్స్ మోమన్ అనే కుర్రాడు, తర్వాత డబ్బు దగ్గర తేడాలొచ్చి వెళ్లిపోయాడు.

పేరు మారిన సంగతి కూడా చెప్పాలి. 1961లో వాళ్ల రికార్డు ఒకటి దేశమంతా మోగేసరికి, కాలిఫోర్నియాలో శాటిలైట్ పేరుతో ఇంకో కంపెనీ ఉందని బయటపడింది. దాంతో స్టూవర్ట్‌లో మొదటి రెండక్షరాలు, ఆక్స్టన్‌లో మొదటి రెండక్షరాలు కలిపి స్టాక్స్ అన్నారు. వాళ్ల ఇంగ్లీషు లెక్కలో రెండేసి అక్షరాలు, మన లిపిలో రాస్తే ఆ అతుకు కనపడదు. తమ్ముడి పేరు ముందు, అక్క పేరు వెనక.

సోల్ సంగీతం తెలియనివాళ్ల కోసం ఒక మాట. చర్చిలో పాడే గాస్పెల్ పాట ఉంటుంది కదా, ఆ గొంతుతో, ఆ ఆవేశంతో, దేవుడి బదులు ప్రేమ గురించి పాడితే దాదాపు అదే సోల్. జిమ్ స్టూవర్ట్‌కి మొదట్లో ఈ సంగీతంతో సంబంధమే లేదు, అతను పల్లె పాటల ఫిడేలు మనిషి, మొదట్లో చేసిన రికార్డులు కూడా అవే. రే చార్ల్స్ పాట విన్నాక మనసు మారింది.

నంద్యాల_క్యాసెట్లు
ఆదివారం, ఉదయం 7:20

నేను సోల్ పాటలు ఎప్పుడూ విన్నవాడిని కాను, రాత్రి ఈ థ్రెడ్ చూసి నాలుగైదు విన్నా. కానీ మ్యూజియం వెబ్‌సైట్లో ఒక విషయం చదివి నిద్ర పట్టలేదు. ఎస్టెల్ గారు ఆ సినిమా హాల్లో టిక్కెట్లూ పాప్‌కార్నూ అమ్మే చోట రికార్డుల షాపు పెట్టారట కదా?

మా నాన్నది నంద్యాలలో క్యాసెట్ల షాపు, 1984 నుంచి 2003 వరకు. ఎనిమిదడుగుల వెడల్పు ఉండేది. ఒక స్పీకరు లోపలికి, ఒక స్పీకరు బజారు వైపు తిప్పి పెట్టేవాడు. జనం కాగితం మీద పాటల లిస్టు రాసి తెచ్చి ఖాళీ క్యాసెట్టుతో పాటు ఇచ్చేవాళ్లు, మేం రికార్డు చేసి ఇచ్చేవాళ్లం. ఆ లిస్టులన్నీ నాన్న ఒక సూదికి గుచ్చి పెట్టుకునేవాడు. శుక్రవారం కొత్త సినిమా పాటలొస్తే ఆదివారం సాయంత్రానికి ఏ పాట ఆడుతుందో చెప్పేసేవాడు. ఎలాగంటే, బజారు స్పీకర్లో పాట వేసి రోడ్డు వైపు చూసేవాడు. నడుస్తున్న మనిషి అడుగు నెమ్మదిస్తే ఆ పాట ఆడుతుంది. సైకిలు దిగితే సూపర్ హిట్టు. డిస్ట్రిబ్యూటర్ వచ్చి ఎన్ని క్యాసెట్లు దింపమంటావు అని అడిగితే నాన్న ఆ సూదికి ఉన్న కాగితాలు లెక్కపెట్టి చెప్పేవాడు.

ఆమె కూడా ఇలాగే చేసేదా అని తెలుసుకోవాలని ఉంది.

రేవతి_మెంఫిస్
ఆదివారం, ఉదయం 9:45

అన్నా, మీ నాన్నగారి సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. అవును, అచ్చం అలాగే. మొదట హాలు తినుబండారాల కౌంటర్లో పెట్టారు, తర్వాత పక్కనే ఉన్న మంగలి షాపు ఖాళీ అయితే అందులోకి మార్చారు. శాటిలైట్ రికార్డ్ షాప్. వీధిలో పిల్లలంతా అక్కడే. ఏ కంపెనీ రికార్డు ఎక్కువ అమ్ముడవుతోంది, ఎవరు ఏం కొన్నారు, కొనేవాళ్లు పాటలో దేనికి తల ఊపారు, ఆమె అంతా గమనించి లోపల స్టూడియోలో కుర్రాళ్లకి చెప్పేది. వాళ్ల సొంత పాట చేసినా ముందు షాపులో వేసి వినిపించి, పిల్లల మొహాలు చూసేది. పొద్దున్న స్టూడియోలో పుట్టిన పాటకి సాయంత్రానికల్లా పక్క గదిలో రిజల్టు.

"లాస్ట్ నైట్" అని 1961లో ఒక పాట ఉంది, మాటలు దాదాపు లేవు, అంతా శాక్సఫోన్లూ ఆర్గానూ. దాన్ని విడుదల చేయడానికి తమ్ముడు పెద్దగా ఇష్టపడలేదు, అక్క పట్టుబట్టి చేయించింది. దేశం మొత్తం మీద 3వ స్థానానికి వెళ్లింది. అందులో శాక్సఫోన్ వాయించినవాళ్లలో ఆమె కొడుకు ప్యాకీ ఒకడు. పాతప్లేట్లు గారు చెప్పిన, పేరు మార్చాల్సి వచ్చిన రికార్డు ఇదే.

సోల్_శీను
ఆదివారం, మధ్యాహ్నం 1:30

హైదరాబాద్‌లో ఒక బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాను, కాబట్టి వాయించినవాళ్ల గురించి చెప్పకుండా ఉండలేను.

ఆ షాపులో కౌంటరు దగ్గర అమ్మకాలు చూసిన కుర్రాడు స్టీవ్ క్రాపర్, కంపెనీకి గిటారిస్టు అయ్యాడు. ఆ షాపుకి వచ్చి గంటలు గంటలు రికార్డులు వింటూ నిలబడిన స్కూలు పిల్లాడు బుకర్ టి. జోన్స్, ఆర్గాన్ వాయించాడు. వీధికి అవతల కిరాణా షాపులో పనిచేసిన డేవిడ్ పోర్టర్ పాటల రచయిత అయ్యాడు. ఎవరినీ ఎక్కడి నుంచో పిలిపించలేదు. చాలామంది ఆ ఊళ్లో ఉన్నవాళ్లే. 1960లో రూఫస్ థామస్, ఆయన కూతురు కార్లా కలిసి పాడిన పాటకి శాక్సఫోన్ వాయించడానికి బుకర్‌ని స్కూల్లోంచి పిలుచుకొచ్చారు, పదహారేళ్లు కూడా నిండలేదు వాడికి. ఆ తండ్రీ కూతుళ్ల రికార్డు చూసే న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ కంపెనీ జెర్రీ వెక్స్‌లర్ వీళ్ల దగ్గరికి వచ్చాడు.

"గ్రీన్ ఆనియన్స్" కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1962లో ఒక గాయకుడి కోసం స్టూడియో సిద్ధం చేస్తే ఆ పని ముందుకు సాగలేదు. ఖాళీగా ఉన్నాం కదా అని నలుగురూ ఏదో వాయించుకుంటుంటే జిమ్ టేపు తిప్పేశాడు. రెండో వైపుకి పాట కావాలి కదా అని ఇంకొకటి వాయించారు, ఆ రెండోదే గ్రీన్ ఆనియన్స్. నల్లవాళ్ల పాటల చార్టులో 1, మొత్తం చార్టులో 3. బ్యాండు తుది రూపానికి వచ్చాక ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు: బుకర్, డ్రమ్స్ మీద ఆల్ జాక్సన్, గిటార్ క్రాపర్, బేస్ డక్ డన్. ఆ రోజుల్లో మెంఫిస్‌లో వీళ్లు నలుగురూ కలిసి ఒక హోటల్లో కూర్చుని అన్నం తినడం అంత తేలిక కాదు. అందుకే నల్లవాళ్లు నడిపే లొరేన్ మోటెల్‌కి వెళ్లేవాళ్లు. స్టూడియోలో ఏసీ లేక ఉక్కపోస్తే అక్కడ గది తీసుకుని పాటలు కట్టేవాళ్లు. "నాక్ ఆన్ వుడ్" అక్కడ కట్టిందే, బయట ఉరుములు ఉరుముతుంటే పాటలోకి ఉరుములు వచ్చాయి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపింది ఆ మోటెల్ బాల్కనీలోనే. చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకి మద్దతుగా వచ్చాడాయన. ఆ తర్వాత స్టూడియోలో వాతావరణం మునుపటిలా లేదని వాళ్లే చెప్పుకున్నారు.

బేస్ వాయించేవాడిగా ఒక్క మాట. ఆ పాటల్లో డ్రమ్స్ కావాలని ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. రెండో దెబ్బా నాలుగో దెబ్బా కొంచెం వెనక. నేనూ మా డ్రమ్మరూ మూడు నెలలు ప్రయత్నించాం, కాస్త వెనక్కి వెళితే పాట ఈడుస్తుంది, కాస్త ముందుకొస్తే ఆ సుఖం పోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్టాక్స్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ పాటలు వినండి, తెలుస్తుంది.

డప్పుదరువు
ఆదివారం, సాయంత్రం 6:05

అన్నలకు, అక్కలకు దండాలు. మాది కరీంనగర్ దిక్కు. ఇంత మంచి కంపెనీ 1975లో దివాలా తీసినప్పుడు పాటలన్నీ పోగొట్టుకుందని ఎక్కడో చదివిన. దివాలా తీస్తే పాటలు ఎవరికి పోయినయి? నాకు ఈ సంగతి కావాలె, ఎందుకో తర్వాత చెప్త.

పాతప్లేట్లు
ఆదివారం, రాత్రి 8:40

తమ్ముడూ, పాటలు పోయింది 1975లో కాదు, 1968లోనే. రెండు దెబ్బలు తగిలాయి. చాలామంది రెండూ కలిపి చెప్పేస్తుంటారు, విడదీసి చెబుతాను.

1960 నుంచి అట్లాంటిక్ కంపెనీ స్టాక్స్ రికార్డుల్ని దేశమంతా పంపిణీ చేసేది. ఐదేళ్లు నోటిమాట మీదే నడిచింది. వెక్స్‌లర్ అంటే జిమ్‌కి అంత నమ్మకం. 1965లో కాగితం రాసుకున్నారు. జిమ్ ఒక షరతు అడిగి మరీ పెట్టించుకున్నాడు: వెక్స్‌లర్ అట్లాంటిక్ వదిలి వెళ్లినా, ఆ కంపెనీని అమ్మేసినా మేం బయటికి వచ్చేయొచ్చు అని. తన దృష్టంతా దాని మీదే. అదే కాగితంలో ఇంకో చోట, అట్లాంటిక్ పంపిణీ చేసిన ప్రతి రికార్డు మాస్టరూ, అంటే అసలు రికార్డింగూ, అట్లాంటిక్ సొంతం అని ఉంది. అది జిమ్ సరిగ్గా చదవలేదు.

1967 చివర్లో అట్లాంటిక్‌ని వార్నర్ బ్రదర్స్ సెవెన్ ఆర్ట్స్ కొనేసింది. సరే, మన షరతు ప్రకారం బయటికి వద్దాం అని చూస్తే అప్పుడు కనపడింది రెండో షరతు. ఎనిమిదేళ్ల పాటలన్నీ వాళ్లవి. గ్రీన్ ఆనియన్స్ వాళ్లది. ఓటిస్ పాటలు వాళ్లవి. సామ్ అండ్ డేవ్ పాడిన హిట్లన్నీ వాళ్లవి, ఆ గాయకులిద్దరూ కూడా అసలు అట్లాంటిక్ నుంచి అరువుకి వచ్చినవాళ్లే కాబట్టి వాళ్లూ వెళ్లిపోయారు. ఆ షరతు సంగతి తనకీ తెలియదని వెక్స్‌లర్ తర్వాత రాసుకున్నాడు. తెలిసినా తెలియకపోయినా పాటలైతే తిరిగి రాలేదు.

ఇది జరుగుతున్న రోజులు చూడండి. 1967 డిసెంబర్ 10న ఓటిస్ విమానం విస్కాన్సిన్‌లో ఒక చెరువులో కూలిపోయింది. అతనితో పాటు బార్‌కేస్ బ్యాండు కుర్రాళ్లు నలుగురు పోయారు, స్కూలు దాటి ఎన్నాళ్లూ కాలేదు వాళ్లకి. విమానంలో ఉన్నవాళ్లలో ట్రంపెట్ వాయించే బెన్ కాలీ ఒక్కడే బతికాడు. "డాక్ ఆఫ్ ది బే" పాట ఓటిస్ అంతకు కొద్దిరోజుల ముందే పాడి వెళ్లాడు. క్రాపర్ ఆ దుఃఖంలోనే అలల చప్పుడూ పక్షుల అరుపులూ కలిపి పూర్తిచేశాడు. 1968లో అది నంబర్ వన్ అయింది. ఏప్రిల్‌లో కింగ్ హత్య. మేలో అట్లాంటిక్‌తో తెగిపోయింది. ఆరు నెలల్లో కొంప మొత్తం ఖాళీ.

నంద్యాల_క్యాసెట్లు
ఆదివారం, రాత్రి 9:10

అక్క ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన మెషీను మీద పాడిన పాటలవి.

సోల్_శీను
ఆదివారం, రాత్రి 11:25

అక్కడితో ఆగిపోతే ఆల్ బెల్‌కి అన్యాయం చేసినట్టే. 1965లో రేడియో నుంచి వచ్చాడు, రికార్డుల ప్రచారం చూడటానికి. నల్లజాతి మనిషి, తర్వాత కంపెనీ పగ్గాలు అతని చేతికొచ్చాయి. చేతిలో పాత పాట ఒక్కటి కూడా లేని కంపెనీకి 1969లో ఒకేసారి 27 ఆల్బమ్‌లు చేయించాడు. పాటల నిధి పోయిందా, అయితే కొత్తది తవ్వుదాం అన్నాడు. ఆ 27లో ఐజాక్ హేస్ "హాట్ బటర్డ్ సోల్" ఒకటి. మొత్తం నాలుగే పాటలు, ఒకటి 18 నిమిషాలు. రేడియోలో ఎక్కువగా మూడు నాలుగు నిమిషాల పాటలే వేసే రోజుల్లో అది పదిలక్షలకు పైగా అమ్ముడైంది. 1972లో "షాఫ్ట్" సినిమా పాటకి హేస్‌కి ఆస్కార్. అదే ఏడాది ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్ స్టేడియంలో వాట్‌స్టాక్స్, టిక్కెట్టు ఒక్క డాలరు, లక్షమందికి పైగా వచ్చారు.

కుటుంబ కంపెనీ, అక్క, షాపు, అన్నీ నిజమే, నాకూ ఇష్టమే. కానీ కుటుంబమే నడిపి ఉంటే 1968లోనే తాళం పడేది.

పాతప్లేట్లు
సోమవారం, ఉదయం 6:50

శీను గారూ, మీతో సగం ఒప్పుకుంటాను. ఆల్ బెల్ లేకపోతే రెండో జన్మ లేదు, నిజం. కానీ ఆ రెండో జన్మలో కంపెనీ ఎలా మారిందో కూడా చూడాలి. 1968లో గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే పెద్ద సంస్థకి అమ్మారు, 1970లో జిమ్, బెల్ కలిసి మళ్లీ కొనుక్కున్నారు. ఈ మధ్యలోనే బెల్‌కీ ఎస్టెల్‌కీ పడక ఆమె బయటికి వెళ్లిపోయింది. తన పేరులో రెండక్షరాలు బోర్డు మీద అలాగే ఉన్నాయి, తను లేదు. షాపూ కంపెనీ నడిపే పద్ధతిలో భాగంగా మిగల్లేదు. 27 ఆల్బమ్‌లు ఒకేసారి వేస్తే వాటిలో ఏది రోడ్డు మీద మనిషిని ఆపుతుందో ఎవరు చూశారు? నంద్యాల తమ్ముడు వాళ్ల నాన్న సూదికి గుచ్చిన కాగితాల గురించి రాశాడే, ఆ సూది పోయింది. నా అభిప్రాయం ఇది. 1972లో సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీతో పంపిణీ ఒప్పందం, అది కుదిర్చిన క్లైవ్ డేవిస్‌ని మరుసటి ఏడాది సీబీఎస్ తీసేసింది, ఆ తర్వాత రికార్డులు షాపులకి సరిగా చేరలేదు. జనం అడుగుతున్నారు, షాపులో సరుకు లేదు. తమ ఊరి షాపులోనే కూర్చుని చూసే మనిషి ఉంటే ఇది మొదటి వారంలోనే తెలిసేది.

సోల్_శీను
సోమవారం, ఉదయం 9:15

సీబీఎస్ అంత పెద్ద కంపెనీ సరుకు దాచిపెడితే మెంఫిస్ షాపులో కూర్చున్న మనిషికి తెలిసి మాత్రం ఏం చేస్తుంది సార్? తెలియడం వేరు, ఆపడం వేరు. స్టాక్స్‌లో వచ్చిన "ఐ విల్ టేక్ యూ దేర్" పాట రాసింది ఎవరో చూడండి. ఆల్ బెల్. తన తమ్ముడిని పాతిపెట్టి వచ్చిన రోజున రాసుకున్నాడు. వ్యాపారం చేసేవాడు అని తీసిపారేయలేం.

పాతప్లేట్లు
సోమవారం, ఉదయం 9:50

తీసిపారేయలేదండీ. ఆ పాట విషయంలో మీ మాటే నా మాట.

రేవతి_మెంఫిస్
సోమవారం, సాయంత్రం 5:30

రెండో దెబ్బ సంగతి నేను రాస్తాను, మ్యూజియంలో ఆ గది దగ్గర చాలాసేపు నిలబడ్డాను కాబట్టి. సీబీఎస్ నుంచి డబ్బు రావడం తగ్గాక యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు దగ్గర అప్పులు పేరుకుపోయాయి. ఎస్టెల్ గారు తాకట్టు పెట్టిన రోజుల్లో ఉద్యోగం చేసింది ఆ బ్యాంకులోనే. అప్పటికి జిమ్ తన వాటా అమ్ముకుని పక్కకి తప్పుకున్నాడు, హాయిగా ఉండొచ్చు. కానీ వెనక్కి వచ్చి తన సొంత ఆస్తి కంపెనీకి హామీగా పెట్టాడు. అదీ పోయింది. ఇల్లు కూడా. మొదట అక్క ఇల్లు పెట్టింది, చివర తమ్ముడు ఇల్లు పోగొట్టుకున్నాడు.

1975 అక్టోబర్ 1న డ్రమ్మర్ ఆల్ జాక్సన్‌ని తుపాకీతో కాల్చి చంపారు. డిసెంబర్ 19న కోర్టు ఆర్డరుతో వచ్చి తలుపులు మూయించారు, ఉద్యోగుల్ని బయటికి పంపారు. బెల్ మీద బ్యాంకు మోసం కేసు పెట్టారు, అది నిలబడలేదు, నిర్దోషి అన్నారు. 1968 తర్వాత చేసిన మాస్టర్లని 1977లో ఫాంటసీ రికార్డ్స్ కొంది. అంటే డప్పుదరువు తమ్ముడూ, మొదటి సగం అట్లాంటిక్ దగ్గరికి, రెండో సగం ఫాంటసీ దగ్గరికి పోయాయి. అవి పుట్టిన ఇంట్లో ఏదీ లేదు. ఆ ఇల్లు ఒక చర్చి చేతికి వెళ్లి, 1989లో కూలగొట్టేశారు. చాలా ఏళ్లు ఆ స్థలం ఖాళీగా గడ్డి మొలిచి ఉంది. అక్కడే 2003లో మ్యూజియం కట్టారు, పక్కనే పిల్లలకి సంగీతం నేర్పే అకాడమీ ఉంది. మేం బయటికొచ్చేటప్పుడు ఎవరో పిల్లాడు ట్రంపెట్ సాధన చేస్తున్నాడు, ఒకే చోట మాటిమాటికీ తప్పుతున్నాడు, మళ్లీ మొదటి నుంచి వాయిస్తున్నాడు. మా అమ్మాయి కారెక్కకుండా అక్కడే నిలబడిపోయింది.

ఎస్టెల్ గారు మ్యూజియం తెరిచిన మరుసటి ఏడాది, 2004లో పోయారు. జిమ్ 2022 డిసెంబర్‌లో. స్టాక్స్ నుంచి వెళ్లాక ఎస్టెల్ ఫ్రెటోన్ అని ఇంకో చిన్న కంపెనీ పెట్టింది, 1976లో "డిస్కో డక్" మొదట అక్కడి నుంచే వచ్చింది, దేశంలో నంబర్ వన్ అయింది. వయసు 58. ఆ చెవి పోలేదు చూడండి.

డప్పుదరువు
సోమవారం, రాత్రి 8:15

ఎందుకు అడిగిన్నో చెప్త అన్న కదా. మా బాబాయి జానపద కళాకారుడు. పాటలు ఆయనే కట్టిండు, బాణీ ఆయనదే, గొంతు ఆయనదే. 1998లో హైదరాబాద్‌లో ఒక ఆడియో కంపెనీ వాళ్లు పిలిచి రెండు క్యాసెట్లు చేయించిన్రు. 16 పాటలు. మొత్తంగా 12 వేలు ఇచ్చిన్రు, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నరు. బాబాయి నాలుగో తరగతి. చదివి వినిపించమంటే మళ్లీ టైము లేదు, బస్సు పోతది, పెట్టేయి అన్నరట. ఆ 12 వేలతోని పిన్నికి చెవులకు కమ్మలు చేయించిండు, ఒక డప్పు కొనుక్కున్నడు.

ఇప్పుడు ఆ పాటల్ల ఒకటి పెండ్లి బారాత్‌లల్ల అందరు వేస్తున్నరు. పోయినేడు మా తమ్ముడు ఫోన్ల బాబాయి పాడంగ తీసి యూట్యూబ్‌ల పెడితే రెండు రోజులకే తీసేసిన్రు, ఇది ఫలానా కంపెనీ సొత్తు అని మెసేజు వచ్చింది. బాబాయికి అర్థం కాలె. నా పాట నేను పాడితే తప్పెట్లయితది బిడ్డా అని అడిగిండు. నేనేం చెప్పాలె? జిమ్ సంగతి చదువుతుంటే అంత పెద్ద కంపెనీ నడిపినోడు, బ్యాంకుల పనిచేసినోడు, ఆయనే కాగితం చదవలేదంటే మా బాబాయిని నేను ఇన్నేండ్లు ఎందుకు కోపం చేసిన్నో అనిపించింది.

వకీలమ్మ
సోమవారం, రాత్రి 10:30

తమ్ముడూ, నేను కాపీరైటు కేసులు చూస్తుంటాను. ధైర్యంగా ఉండు, ముందు ఆ కాగితం దొరుకుతుందేమో చూడు. మూడు విషయాలు చూడాలి.

మన కాపీరైటు చట్టంలో 19వ సెక్షను ప్రకారం హక్కు రాసిచ్చేది కాగితం మీదే ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్లకి ఇచ్చారో అందులో రాయకపోతే 5 ఏళ్లకి మాత్రమే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే దేశం వరకే. ఈ ఏర్పాటు 1994 సవరణతో వచ్చింది కాబట్టి అంతకుముందు కాగితాలకి వర్తించదు, మీది 1998 కాబట్టి అడగడానికి వీలుంది. ఇంకొకటి, పాట రాసిన హక్కు వేరు, బాణీ హక్కు వేరు, ఆ రోజు స్టూడియోలో చేసిన రికార్డింగు హక్కు వేరు. రికార్డింగు కంపెనీదే కావచ్చు, పాట బాబాయిదే కావచ్చు. స్టాక్స్ కథలో అట్లాంటిక్‌కి పోయింది మాస్టర్లు, అంటే రికార్డింగులు. మీ తమ్ముడు ఫోన్లో తీసింది కొత్తగా పాడింది కదా, క్యాసెట్టు వేసింది కాదు కదా? ఆ తేడా చాలా ముఖ్యం. 2012లో ఇంకో సవరణ వచ్చింది, రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా వదులుకోకుండా. అది పాత కాగితాలకి ఎంతవరకు అనేది వేరే వాదన, ఇక్కడ తేలేది కాదు.

కాగితం చూడకుండా ఎవరు ఏం చెప్పినా నమ్మొద్దు, నేను చెప్పింది కూడా. బాబాయిని మాత్రం కోప్పడకు.

డప్పుదరువు
మంగళవారం, రాత్రి 9:00

వకీలమ్మ గారూ, ఫోన్ చేసి పిన్నిని అడిగిన. కొత్తగా పాడిందే అక్కా, క్యాసెట్టు వేసింది కాదు. ఇంటి ఎనక ఇనుప సందూకల పిన్ని రేషన్ కార్డు, భూమి పాసుబుక్కు, ఈ కాగితం ఒక్క కవర్ల పెట్టి దాచింది. ఫొటో తీసి పంపిన్రు. వాళ్లు ఒరిజినల్ ఉంచుకుని మనకు కార్బన్ కాపీ ఇచ్చినట్టున్నరు, నీలం అక్షరాలు. మడత పెట్టిన కాడ నాలుగు వరుసలు చెదిరిపోయినయి. బాబాయి సంతకం మంచిగ కనిపిస్తున్నది. ఏండ్ల సంగతి రాసిన చోటు ఆ మడతలనే ఉన్నట్టుంది, ఫొటోల తెలుస్తలేదు. పిన్ని లామినేషన్ చేయిద్దాం అంటున్నది.

వకీలమ్మ
మంగళవారం, రాత్రి 9:12

లామినేషన్ వద్దు! ఇప్పుడే ఫోన్ చేసి ఆపించు. కార్బన్ సిరా వేడికి చెదిరిపోవచ్చు. మడతలు సాపు చేయడానికి ఇస్త్రీ పెట్టె కూడా పెట్టొద్దని చెప్పు. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకం కింద ఉంచమను. నువ్వు వెళ్లినప్పుడు పగటి వెలుతురులో, కాగితం మీద పక్క నుంచి వాలుగా వెలుగు పడేలా పట్టుకుని ఫొటో తీసి నాకు మెసేజ్ చెయ్యి. పత్రం మీద రాసినప్పటి నొక్కు పడి ఉండొచ్చు, సిరా పోయినా ఆ గుంతలు కనపడొచ్చు.

డప్పుదరువు
మంగళవారం, రాత్రి 9:20

ఆపిన అక్కా. రామాయణం పుస్తకం కింద పెట్టిన్రు. శనివారం నేను పోతున్న.